స్పోర్ట్స్ కారుకి ముందు ఏం మార్చాలి: టైరా, డ్యాంపరా, స్ప్రింగా, వీలా?

స్పోర్ట్స్ కారు చేతికి రాగానే చాలామందికి రెండు కోరికలు పుడతాయి. ఒకటి కారును కిందికి దించడం, రెండోది ఫెండర్ నిండా కనిపించే పెద్ద అలాయ్ వీల్స్ వేయించడం. రెండూ చేశాక కారు చూడముచ్చటగానే ఉంటుంది. కానీ మలుపుల రోడ్డు ఎక్కితే అదే కారు కొన్ననాటి కంటే మొండిగా తయారవుతుంది. చిన్న గుంత తగిలినా ఎగిరిపడుతుంది, మలుపు మధ్యలో ముందు చక్రాలు బయటికి జారతాయి, గట్టిగా బ్రేకు తొక్కితే స్టీరింగ్ పక్కకు లాగుతుంది. వేగం కోసం ఖర్చుపెట్టినవాళ్లకు ఇది చాలా బాధ కలిగించే సంగతి.

నా సలహా మొదటే చెప్పేస్తాను. ముందు టైర్లు, వెంటనే అలైన్‌మెంట్ (చక్రాలు నిలబడే కోణాల సర్దుబాటు), తర్వాత డ్యాంపర్లు (స్ప్రింగు ఊగుడును ఆపే షాక్ అబ్సార్బర్లు), వాటికి జోడీగా స్ప్రింగులు, చివర్లో యాంటీ రోల్ బార్ (మలుపులో బాడీ ఒరుగుడును తగ్గించే కడ్డీ). వీల్స్ మార్చేదుంటే బరువు తగ్గేలా మార్చండి, సైజు పెంచే జోలికి పోవద్దు. ఈ వరుసకి కారణాలున్నాయి.

టైర్లు

కారు పరుగెత్తాలన్నా, తిరగాలన్నా, ఆగాలన్నా ఆ బలమంతా టైరు రోడ్డును తాకే చోటు నుంచే రావాలి. టైరు రోడ్డును వదలకుండా చూడటం, నాలుగు టైర్ల మీదా బరువు వీలైనంత సమంగా పడేలా చూడటం సస్పెన్షన్ పని. గట్టిపడిపోయిన పాత టైర్ల మీద ఖరీదైన కాయిలోవర్లు (ఎత్తు సర్దుకునే స్ప్రింగు, డ్యాంపర్ జోడీలు) వేయించుకున్నవాళ్లకు పెద్దగా తేడా తెలియకపోవడానికి కారణం ఇదే.

2012లో వచ్చిన టయోటా జీటీ86ను చూడండి. దానికి కంపెనీ 215/45 ఆర్17 (215 మి.మీ. వెడల్పు, అందులో 45 శాతం పక్కగోడ ఎత్తు, 17 అంగుళాల రిమ్) సైజులో మిషలిన్ ప్రైమసీ టైర్లు వేసింది. ప్రియస్ లాంటి హైబ్రిడ్ కార్లకు వేసే రకం అది. తక్కువ వేగంలోనే కారు వెనక భాగం కాస్త కదిలి, నడిపేవాడికి ఆ ఆట తెలియాలని కావాలనే అలా చేశారు. అదే కారుకి అదే సైజులో మంచి సమ్మర్ పెర్ఫార్మెన్స్ టైర్లు వేస్తే ఇంకేమీ ముట్టుకోకుండానే బ్రేకింగ్ దూరం తగ్గుతుంది, మలుపులో వేగం పెరుగుతుంది. బదులుగా ఆ సరదా ఎక్కువ వేగానికి జరిగిపోతుంది. పట్టు పెరిగినంత మాత్రాన నడపడంలో ఆనందం పెరగాలని లేదు. మీకు ఏది కావాలో తేల్చుకున్నాకే టైరు ఎంచుకోండి.

రోజూ నడిపే కారుకి సమ్మర్ పెర్ఫార్మెన్స్ టైరు చాలు. గాడులు తక్కువగా ఉండే సెమీ స్లిక్ రకం ట్రాక్ టైర్లు వేడెక్కాక అద్భుతంగా పట్టుకుంటాయి. కానీ చల్లగా ఉన్నప్పుడు, రోడ్డు మీద నీళ్లు నిలిచినప్పుడు నమ్మదగ్గవి కావు, తొందరగా అరుగుతాయి కూడా. టైరు పక్కన ఉండే ట్రెడ్‌వేర్ నంబరు తక్కువైతే రబ్బరు మెత్తనిదని అర్థం. అయితే ఆ నంబరును ఏ కంపెనీకి ఆ కంపెనీయే ఇచ్చుకుంటుంది. కాబట్టి ఒక బ్రాండులోని రెండు టైర్లను పోల్చడానికి పనికొచ్చినంతగా రెండు బ్రాండ్లను పోల్చడానికి పనికిరాదు.

వెడల్పు గురించి ఒక అపోహ ఉంది. 225 నుంచి 255కి వెళ్తే రోడ్డును తాకే వైశాల్యం అదే లెక్కన పెరుగుతుందనుకుంటారు. గాలి ఒత్తిడి, బరువు మారకపోతే ఆ వైశాల్యం పెద్దగా మారదు, ఆకారం మారుతుంది. ముందుకూ వెనక్కూ పొట్టిగా, అడ్డంగా వెడల్పుగా అవుతుంది. దానివల్ల మలుపులో పట్టు మెరుగవుతుంది, వేడి ఎక్కువ రబ్బరులోకి పరుచుకుంటుంది. వానలో మాత్రం నీటి మీద తేలిపోయే గుణం పెరుగుతుంది. పైగా రిమ్ వెడల్పు సరిపోవాలి. 225/45 ఆర్17కి 7 నుంచి 8.5 అంగుళాల రిమ్ సరైనది. ఇరుకు రిమ్‌కి వెడల్పు టైరు తగిలిస్తే పక్కగోడ బుగ్గలా ఉబ్బి, స్టీరింగ్ తిప్పినప్పుడు కారు ఆలస్యంగా కదులుతుంది.

వీల్: 17, 18, 19 అంగుళాల లెక్క

225/45 ఆర్17 టైరు పక్కగోడ ఎత్తు 225లో 45 శాతం, అంటే 101 మి.మీ. రిమ్‌తో కలిపి మొత్తం వ్యాసం దాదాపు 634 మి.మీ. దాని బదులు 225/40 ఆర్18 వేస్తే పక్కగోడ 90 మి.మీ.కి తగ్గి వ్యాసం 637 అవుతుంది. తేడా అర శాతం లోపే, స్పీడోమీటరుకి ఇబ్బంది లేదు. 235/35 ఆర్19కి వెళ్తే పక్కగోడ 82 మి.మీ., వ్యాసం 647. ఇప్పుడు తేడా 2 శాతం. స్పీడోమీటరు చూపేదాని కంటే కారు కొంచెం ఎక్కువ వేగంతో పోతుంది, అన్ని గేర్లూ ఆ మేరకు పొడవైనట్టవుతాయి, యాక్సిలరేషన్ మందగిస్తుంది.

పక్కగోడ తగ్గితే స్టీరింగ్‌కి చురుకు వస్తుంది, నిజమే. కానీ టైరు కూడా ఒక స్ప్రింగే. అది మింగాల్సిన గతుకును 19 అంగుళాల సెటప్ రిమ్‌కీ బాడీకీ పంపేస్తుంది. గుంతలో రిమ్ వంగే ప్రమాదం కూడా పెరుగుతుంది. పెద్ద రిమ్‌లో లోహం కేంద్రానికి దూరంగా చేరుతుంది కనుక తిప్పడానికీ ఆపడానికీ ఎక్కువ శక్తి కావాలి. టైరు చుట్టు దగ్గర ఉన్న ఒక కిలో, యాక్సిలరేషన్ విషయంలో దాదాపు రెండు కిలోల భారంతో సమానం. రిమ్ అంతకంటే లోపల ఉంటుంది కాబట్టి దాని లెక్క కొంత తక్కువ.

ఇక్కడే నిజాయితీగా ఒక మాట చెప్పాలి. తేలికైన వీల్స్ వేస్తే కారు ఎగిరి దూకుతుందని అమ్మేవాళ్లు చెబుతారు. చక్రానికి 2 కిలోల చొప్పున తగ్గితే మొత్తం 8 కిలోలు. తిరిగే బరువు లెక్క కూడా కలిపితే ఓ 12 కిలోలు తగ్గినట్టు. 1,400 కిలోల కారులో అది 1 శాతం కూడా కాదు. తిన్నని రోడ్డు మీద దాన్ని గుర్తుపట్టడం కష్టం. అసలు లాభం గతుకుల మీద కనిపిస్తుంది. చక్రం, టైరు, బ్రేకు, హబ్ కలిపి ఒక మూలన 40 కిలోలు అనుకుందాం. స్ప్రింగ్ కింద వేలాడే ఈ బరువులోంచి 4 కిలోలు తీసేస్తే పదో వంతు తగ్గినట్టు. అప్పుడు గతుకు దాటిన చక్రాన్ని డ్యాంపర్ త్వరగా అదుపులోకి తెచ్చి మళ్లీ రోడ్డుకి నొక్కుతుంది. మలుపు మధ్యలో రోడ్డు ఎగుడుదిగుడుగా ఉన్న చోట ఆ తేడా చేతులకు తెలుస్తుంది.

కాబట్టి నేను వాడే కొలబద్ద ఇది: బ్రేక్ క్యాలిపర్ (డిస్కును నొక్కే భాగం) పట్టేంతలో అతి చిన్న వీల్ సైజు ఏదో అదే ఉత్తమం. 1996లో వచ్చిన లోటస్ ఎలీస్ ముందు 185 మి.మీ. వెడల్పుతో 15 అంగుళాలు, వెనక 205 మి.మీ. వెడల్పుతో 16 అంగుళాలు, ఇంత చిన్న టైర్లతోనే హ్యాండ్లింగ్‌లో పేరు తెచ్చుకుంది. కారు తేలికగా ఉంటే అంతకంటే అక్కర్లేదు.

తయారీ పద్ధతుల్లో మామూలు కాస్టింగ్ వీల్ చవక, బరువెక్కువ. ఫ్లో ఫార్మింగ్ అంటే కాస్టింగ్ చేశాక రిమ్ గొట్టాన్ని వేడి మీద రోలర్లతో సాగదీయడం. తక్కువ మందంతో బలం వస్తుంది. ఫోర్జింగ్ అన్నింట్లోకీ గట్టిది, దెబ్బ తగిలితే పగలడం కంటే వంగే అవకాశం ఎక్కువ. కార్బన్ ఫైబర్ వీల్స్ 2016 మోడల్ ఫోర్డ్ షెల్బీ జీటీ350ఆర్‌కి ఫ్యాక్టరీ నుంచే వచ్చాయి. తేలికే, కానీ దెబ్బతింటే బాగుచేయడం మామూలు షాపుల పని కాదు. నా ఓటు చాలామందికి ఫ్లో ఫార్మింగ్‌కే. ట్రాక్ మీద తరచూ కర్బ్ ఎక్కించేవాళ్లు ఫోర్జ్‌డ్ తీసుకోండి. ఏదైనా సరే, వెనకవైపు లోడ్ రేటింగ్, జపాన్ వారి జేడబ్ల్యూఎల్ లాంటి పరీక్ష ముద్ర లేని నకలు వీల్ వేగంగా పోయే కారుకి వేయొద్దు. ఇందులో రాజీ లేదు.

ఆఫ్‌సెట్ (రిమ్ మధ్య గీత నుంచి హబ్‌కి బిగించే ముఖం ఎన్ని మి.మీ. బయటికి ఉందో చెప్పే నంబరు) దగ్గర కూడా జాగ్రత్త. 8 అంగుళాల రిమ్ నుంచి అదే 45 ఆఫ్‌సెట్‌తో 9 అంగుళాలకు వెళ్తే లోపలికీ బయటికీ చెరో 12.7 మి.మీ. పెరుగుతుంది. అంటే లోపల డ్యాంపర్‌కి తగులుతుందేమో చూసుకోవాలి. ఆఫ్‌సెట్‌ను 45 నుంచి 25కి తగ్గిస్తే చక్రం 20 మి.మీ. బయటికి వస్తుంది. చూడ్డానికి బలంగా ఉంటుంది గానీ స్టీరింగ్ తిరిగే ఇరుసుకీ టైరు మధ్యకీ ఉండాల్సిన దూరం చెడిపోతుంది. రోడ్డు మీది గాడిని పట్టుకుని కారు అటూ ఇటూ పోవడం, ఒక చక్రం గతుకులో పడ్డప్పుడు స్టీరింగ్ గుంజడం దీని ఫలితాలే. బేరింగుల మీద భారం కూడా పెరుగుతుంది. ఆల్ వీల్ డ్రైవ్ కారుకైతే ముందు, వెనక టైర్ల వ్యాసాలు కంపెనీ చెప్పిన హద్దు దాటకూడదు. దాటితే మధ్యలోని డిఫరెన్షియలో క్లచ్చో ఆగకుండా జారుతూ వేడెక్కి పాడవుతుంది.

కారు కిందికి దిగితే నిజంగా ఏమవుతుంది?

లెక్కతోనే చూద్దాం. 1,400 కిలోల కారు, గురుత్వ కేంద్రం నేల నుంచి 480 మి.మీ., ఎడమ కుడి చక్రాల మధ్య దూరం 1,550 మి.మీ. అనుకోండి. 1 జీ (కారు బరువుకు సమానమైన) బలంతో మలుపు తిరిగితే లోపలి చక్రాల నుంచి బయటి చక్రాల మీదికి దాదాపు 433 కిలోలు మారతాయి. కారును 25 మి.మీ. దించితే అది 411 అవుతుంది. లాభం 22 కిలోలు, 5 శాతం. టైరు మీద బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు, కొంచెం తక్కువే వస్తుంది. అందుకే బరువు ఒకవైపు ఎంత తక్కువగా చేరితే అంత మంచిది. అయితే గమనించండి, ఈ మొత్తం మారేది ఎత్తు వల్ల, చక్రాల మధ్య దూరం వల్ల. స్ప్రింగులు గట్టివి వేసినంత మాత్రాన అది తగ్గదు. బాడీ తక్కువ ఒరుగుతుంది, అంతే.

ఇప్పుడు రెండో వైపు. ముందు భాగంలో మాక్‌ఫర్సన్ స్ట్రట్ (పైన డ్యాంపరే చక్రాన్ని పట్టి ఉంచి, కింద మాత్రమే ఆర్మ్ ఉండే అమరిక) ఉన్న కార్లలో కింది ఆర్మ్ దాదాపు నేలకు సమాంతరంగా ఉండేలా డిజైన్ చేస్తారు. కారును బాగా దించితే ఆర్మ్ బయటి చివర పైకి లేస్తుంది. దాంతో రోల్ సెంటర్ అనే, బాడీ దేని చుట్టూ ఒరుగుతుందో ఆ ఊహా బిందువు కారు దిగినదాని కంటే ఎక్కువగా కిందికి పడిపోతుంది. దానికీ గురుత్వ కేంద్రానికీ మధ్య దూరం పెరిగి, తక్కువ ఎత్తున్న కారే ఎక్కువగా ఒరగాలని చూస్తుంది! దాన్ని ఆపడానికి మరింత గట్టి స్ప్రింగులు వేయాల్సి వస్తుంది. పైగా స్టీరింగ్ రాడ్డు కోణం కూడా మారి, గతుకు ఎక్కిన చక్రం దానంతట అదే కాస్త తిరుగుతుంది. 2021లో వచ్చిన 992 తరం పోర్షే 911 జీటీ3కి ముందు భాగంలో స్ట్రట్ తీసేసి డబుల్ విష్‌బోన్ (పైనా కిందా ఆర్మ్‌లు ఉండే అమరిక) పెట్టారు. అది స్ట్రట్ హద్దులు తెలిసినవాళ్లు తీసుకున్న నిర్ణయం. మన దగ్గర ఉన్నది స్ట్రట్ కారైతే 20 నుంచి 25 మి.మీ. దగ్గర ఆగిపోవడం మేలు. ఇంకా దించాలంటే రోల్ సెంటర్‌ను సరిచేసే బాల్ జాయింట్లు కూడా వేయాలి.

అన్నింటికంటే ముఖ్యం, చక్రం పైకి కదలడానికి మిగిలిన చోటు. అది అయిపోతే డ్యాంపర్ వెళ్లి బంప్ స్టాప్ (కదలికను చివర్లో ఆపే రబ్బరు ముక్క) మీద కూర్చుంటుంది. ఆ క్షణంలో స్ప్రింగ్ ఒక్కసారిగా ఎన్నో రెట్లు గట్టిదైనట్టే. మలుపు మధ్యలో అలా జరిగితే ఆ చివర టైరు పట్టు తప్పుతుంది. దీన్ని పట్టుకోవడానికి ఖర్చులేని పద్ధతి ఉంది. డ్యాంపర్ మెరిసే కడ్డీకి సన్నని జిప్ టై ఒకటి కట్టి, కింది గొట్టం అంచు దాకా జరపండి. మీరు ఎప్పుడూ నడిపే రోడ్డు మీద గట్టిగా నడిపి వచ్చి చూడండి. జిప్ టై ఎంత పైకి జరిగిందో అంత ప్రయాణం వాడుకున్నట్టు. అది ప్రతిసారీ బంప్ స్టాప్ దాకా వెళ్లి నొక్కుకుంటుంటే కారు మరీ కిందికి ఉంది, లేదా స్ప్రింగ్ మెత్తగా ఉంది.

స్ప్రింగులా, డ్యాంపర్లా, కాయిలోవర్లా?

పాత డ్యాంపర్లు ఉంచి లోయరింగ్ స్ప్రింగులు మాత్రమే మార్చడం అన్నింట్లోకీ చవక, అన్నింట్లోకీ బలహీనమైన ఎంపిక. గట్టి స్ప్రింగ్ నొక్కుకున్నాక మరింత బలంగా తన్నుకొస్తుంది. దాన్ని ఆపే శక్తి పాత డ్యాంపర్‌కి ఉండదు. కారు ఊగుతూనే ఉంటుంది, డ్యాంపర్ త్వరగా అయిపోతుంది.

డ్యాంపర్లు మాత్రమే మార్చి ఎత్తును అలాగే ఉంచడం చాలామంది పట్టించుకోని మంచి మార్గం. రోడ్డు బాగోలేని చోట నేను ముందు సూచించేది దీన్నే. బిల్‌స్టీన్ బీ6 ఇలాంటి అవసరానికే చేశారు, పొట్టి స్ప్రింగులు వేసేవాళ్లకు అదే కంపెనీ బీ8 అని వేరే అమ్ముతుంది. రెండూ కలిపి మార్చాలనుకుంటే ఒకే కంపెనీ పరీక్షించి ఇచ్చిన జోడీ తీసుకోండి.

కాయిలోవర్లు ఎత్తు మార్చుకునే వీలిస్తాయి, నాలుగు మూలల బరువునూ సరిచేయనిస్తాయి. ట్రాక్ కారుకి అది పెద్ద లాభం. కానీ చవక కాయిలోవర్ మీద 30 క్లిక్కులు (గట్టిదనం సర్దే మెట్లు) ఉన్నాయని మురిసిపోవద్దు. అందులో సగం క్లిక్కులకు తేడాయే తెలియకపోవచ్చు. ఎడమ డ్యాంపర్ పదో క్లిక్కూ కుడి డ్యాంపర్ పదో క్లిక్కూ ఒకేలా పనిచేస్తాయన్న నమ్మకం కూడా లేదు. సర్దుబాటు లేని మంచి డ్యాంపర్ దానికంటే ఎంతో నయం. కారుకి ఫ్యాక్టరీ నుంచే ఎలక్ట్రానిక్ డ్యాంపర్లు ఉంటే వాటిని పీకేసే ముందు రెండుసార్లు ఆలోచించండి. రోడ్డు మీద అవి చేసే పనిని మామూలు కాయిలోవర్ అందుకోలేదు. పైగా డ్యాష్‌బోర్డు మీద వార్నింగ్ లైటు ఆపడానికి మరో మాడ్యూల్ కొనాలి.

స్ప్రింగ్ గట్టిదనం ఎంచుకునేటప్పుడు డబ్బా మీది నంబరు ఒక్కటే చూడకూడదు. స్ప్రింగ్ చక్రానికి దూరంగా, ఆర్మ్ మధ్యలో ఉంటే చక్రం దగ్గర దాని బలం తగ్గుతుంది. మోషన్ రేషియో (చక్రం కదలికలో స్ప్రింగ్ కదిలే వంతు) 0.7 అయితే దాని వర్గం, అంటే 0.49తో గుణించాలి. మి.మీ.కి 50 న్యూటన్ల స్ప్రింగ్ అక్కడ 24.5గా పనిచేస్తుంది. స్ట్రట్ దగ్గర అదే స్ప్రింగ్ దాదాపు 50గానే ఉంటుంది. కాబట్టి ముందూ వెనకా ఒకే నంబరు ఉన్న సెట్ సమతూకమైనదని చెప్పలేం. బాడీ ఊగే వేగంతో చూస్తే పోలిక సులువు. మామూలు కార్లు సెకనుకి 1 నుంచి 1.5 సార్లు, రోడ్డు స్పోర్ట్స్ కార్లు 1.5 నుంచి 2 సార్లు, ట్రాక్ కోసం సర్దినవి 2 నుంచి 2.5 సార్లు ఊగేలా ఉంటాయి. ఒక మూలన 320 కిలోలు, చక్రం దగ్గర మి.మీ.కి 30 న్యూటన్లు ఉంటే 1.5 వస్తుంది. 60 చేస్తే 2.2 దాకా పోతుంది. గతుకుల రోడ్డు మీద అది పట్టును పెంచదు, టైరును గాల్లోకి లేపుతుంది.

యాంటీ రోల్ బార్ బలం దాని వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 20 మి.మీ. బదులు 22 వేస్తే 46 శాతం గట్టిదవుతుంది, అందుకే రెండు మి.మీ. అని తేలిగ్గా తీసుకోవద్దు. ముందు గట్టిదైతే అండర్‌స్టీర్ (మలుపులో ముందు చక్రాలు బయటికి జారడం), వెనక గట్టిదైతే ఓవర్‌స్టీర్ (వెనక చక్రాలు జారడం) అన్నది సాధారణ సూత్రం. స్ట్రట్ కార్లలో మాత్రం ముందు బార్ గట్టిపడితే ఒరుగుడు తగ్గి, టైరు నిటారుగా నిలబడి, ముందు పట్టు పెరిగిన సందర్భాలూ ఉన్నాయి. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక చక్రమే ఊరికే తిరిగిపోకుండా అదుపుచేసే భాగం) లేని రియర్ వీల్ డ్రైవ్ కారుకి వెనక మరీ గట్టి బార్ వేస్తే మలుపులో లోపలి చక్రం తేలిపోయి ఊరికే తిరుగుతుంది.

అలైన్‌మెంట్

ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న పని ఇదే. రోడ్డు మీద ముందు క్యాంబర్ (చక్రం నిలువు నుంచి వాలే కోణం, మైనస్ అంటే పైభాగం లోపలికి) మైనస్ 1 నుంచి 1.5 డిగ్రీలు, ట్రాక్ మీద మైనస్ 2 నుంచి 2.5 దాకా మంచి ప్రారంభం. సెమీ స్లిక్‌లైతే ఇంకా అడగొచ్చు. ముందు టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సున్నా దగ్గర, వెనక కొద్దిగా లోపలికి పెట్టించండి. టైరు లోపలి అంచు అరిగితే అందరూ క్యాంబర్‌ను తిడతారు, చాలాసార్లు అసలు దోషి టో. ట్రాక్ నుంచి రాగానే టైరు లోపల, మధ్య, బయట ఉష్ణోగ్రత కొలవండి. బయటి అంచు బాగా వేడిగా ఉంటే క్యాంబర్ చాలలేదు. మధ్య భాగం రెండు అంచుల కంటే వేడిగా ఉంటే గాలి ఎక్కువైంది.

ఎవరికి ఏది

రోజూ ఆఫీసుకి నడిపే కారైతే మంచి టైర్లు, అలైన్‌మెంట్, ఎత్తు మార్చని మంచి డ్యాంపర్లు. అక్కడితో ఆగండి. వీల్ సైజు కంపెనీ ఇచ్చినదే, లేదా ఒక అంగుళం తక్కువ.

వారాంతాల్లో ఘాట్ రోడ్డు, ఏడాదికి ఒకటి రెండుసార్లు ట్రాక్ అనుకునేవాళ్లకు జోడీ స్ప్రింగులు, డ్యాంపర్లు, 20 మి.మీ. దించడం, క్యాంబర్ సర్దుకునే బోల్టులు, ఫ్లో ఫార్మింగ్ వీల్స్ సరిగ్గా సరిపోతాయి. ఎక్కువమంది పాఠకులు ఈ కోవలోనే ఉంటారు, ఇంతకు మించి పెట్టే ఖర్చంతా సౌకర్యాన్ని తినేస్తుంది. తరచూ ట్రాక్‌కి వెళ్లేవాళ్లకు మంచి కాయిలోవర్లు, క్యాంబర్ ప్లేట్లు, రెండో సెట్ వీల్స్ మీద సెమీ స్లిక్‌లు కావాలి. నడిపేవాళ్లు సీట్లో కూర్చునే నాలుగు మూలల బరువు తూచి, ఐమూలగా కూడితే చెరి సగం వచ్చేలా సర్దించుకోవాలి.

బిగించేటప్పుడు ఒకటి తప్పక చూడండి. ఆర్మ్‌ల రబ్బరు బుష్ బోల్టులను కారు జాకీ మీద వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదు. అలా బిగిస్తే కారు కిందికి దిగగానే రబ్బరు మెలిపడి ఉండిపోతుంది, కొద్ది నెలల్లో చిరుగుతుంది, అంతదాకా దొంగ స్ప్రింగ్‌లా పనిచేసి ఎత్తునూ తప్పుగా చూపిస్తుంది. చక్రాల మీద బరువు పడ్డాకే ఆఖరి బిగింపు. కొత్త స్ప్రింగులు కాస్త కూర్చునేదాకా ఒకట్రెండు వారాలు నడిపి అప్పుడు అలైన్‌మెంట్ మళ్లీ చేయించండి. వీల్ నట్లను 50 నుంచి 100 కి.మీ. తిరిగాక టార్క్ రెంచ్‌తో ఇంకోసారి చూడండి. ఒకేసారి అన్నీ మార్చకుండా ఒక్కో మార్పు తర్వాత టైర్లలో గాలి, డ్యాంపర్ క్లిక్కులు, కారు నడిచిన తీరు రాసిపెట్టుకోండి, తీసిన పాత భాగాలను అప్పటిదాకా అమ్మేయకండి.